తప్పు చేసిన సైనికుడు ఎవరి ఖైదీ?

2020 సెప్టెంబర్ 7న ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు రోడ్రిగో డుటెర్టే ఒక అమెరికన్ మెరైన్‌కి క్షమాభిక్ష పెట్టాడు. అతని పేరు జోసెఫ్ స్కాట్ పెంబర్టన్. ఫిలిప్పీన్స్ మనిషిని చంపిన కేసులో పదేళ్ల శిక్ష పడింది. ఆరేళ్లు కూడా నిండకుండా బయటికొచ్చి, వారం తిరిగేలోపే మనీలాలో విమానం ఎక్కి వెళ్లిపోయాడు.

ఈ కేసు గురించి ఎవరితో మాట్లాడినా లెక్క దగ్గరే ఆగిపోతారు. పదేళ్లు వేసి ఆరేళ్లకే వదిలేస్తారా, ఒక ప్రాణానికి పదేళ్లేనా, అని. నాకు మాత్రం గొడవంతా ఆ అంకెకి ముందే ఉందనిపిస్తుంది. పరాయి దేశంలో నేరం చేసిన సైనికుణ్ణి ఎవరు విచారించాలి, ఏ సెక్షన్ కింద, విచారణ జరిగినన్నాళ్లూ ఎవరి కాపలాలో ఉండాలి, శిక్ష పడ్డాక ఏ జైలు, ఎప్పుడు వదలాలో ఎవరు చెప్పాలి, వీటిలో చాలా భాగం అతను ఆ దేశంలో అడుగుపెట్టకముందే ఒప్పందం కాగితాల మీద తేలిపోయి ఉంటుంది. జడ్జి దాకా వచ్చేసరికి మిగిలేది అంకె ఒక్కటే. శిక్ష న్యాయమా కాదా అని అడిగేవాళ్లు ఆ కాగితాలు కూడా చదవాలి.

ఈ హత్య జరిగిన ఒలొంగాపో సుబిక్ బే పక్కనున్న ఊరు. ఒకప్పుడు అక్కడ అమెరికాకి పెద్ద నౌకా స్థావరం ఉండేది. 1991లో ఫిలిప్పీన్స్ సెనేట్ కొత్త ఒప్పందాన్ని తిరస్కరించడంతో 1992 చివరికల్లా ఖాళీ చేశారు. స్థావరం పోయింది గానీ సైనికులు రావడం ఆగలేదు. 1998లో కుదిరిన విజిటింగ్ ఫోర్సెస్ అగ్రిమెంట్ కింద ఉమ్మడి విన్యాసాలకని వస్తూ పోతూ ఉన్నారు. అలా వచ్చినవాడే పెంబర్టన్. వయసు 19. 2014 అక్టోబర్ 11 రాత్రి ఒక బార్‌లో జెన్నిఫర్ లౌడె అనే 26 ఏళ్ల ట్రాన్స్ మహిళ పరిచయమైంది. ఇద్దరూ దగ్గర్లోని లాడ్జికి వెళ్లారు. కాసేపటికి అతనొక్కడే బయటికొచ్చాడు. ఆమె బాత్‌రూమ్‌లో, తల కమోడ్‌లోకి వాలిపోయి, చనిపోయి కనిపించింది.

అగ్రిమెంట్ ఐదో అధికరణం ప్రకారం ఇలాంటి నేరాన్ని విచారించే హక్కు ఫిలిప్పీన్స్‌దే. కానీ కోర్టు వ్యవహారాలన్నీ ముగిసేదాకా నిందితుడు అమెరికా కస్టడీలోనే ఉంటాడు. పైగా ఏడాదిలో విచారణ ముగించకపోతే అతన్ని కోర్టుకి హాజరు పరచాల్సిన బాధ్యత అమెరికాకి ఉండదు. వాయిదాల కోసం కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకి ఈ ఏడాది గడువు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మొదట అతన్ని ఓడలోనే ఉంచారు. జనం రోడ్ల మీదికొచ్చాక ఫిలిప్పీన్స్ సైన్యం ప్రధాన కేంద్రమైన క్యాంప్ అగినాల్డోకి తెచ్చారు. తెచ్చింది జైలు గదికి కాదు, ఏసీ పెట్టిన కంటైనర్‌లోకి. లోపల కాపలా అమెరికన్ మెరైన్లు, బయట కంచె చుట్టూ ఫిలిప్పీన్స్ సైనికులు. లౌడెని పెళ్లి చేసుకోవాల్సిన జర్మన్ యువకుడు కోపం పట్టలేక ఆ కంచె ఎక్కేశాడు. ఫిలిప్పీన్స్ ప్రభుత్వం అతన్ని అవాంఛనీయ విదేశీయుడిగా లెక్కగట్టి దేశం నుంచి పంపించేసింది. కంచెకి ఒక పక్క ఒక విదేశీయుడు, ఇంకో పక్క ఇంకో విదేశీయుడు. చట్టం చురుగ్గా కదలగలదని ఆ వారం అందరికీ అర్థమైంది.

2015 డిసెంబర్ 1న తీర్పు వచ్చింది. రెండు ప్రభుత్వాలూ ఒక చోటు ఖరారు చేసేదాకా అతన్ని న్యూ బిలిబిడ్ జైలుకి తీసుకెళ్లమని జడ్జి ఆదేశించారు. కోర్టు భవనంలోనే పేచీ మొదలైంది. వెంట వచ్చిన అమెరికన్లు అతన్ని ఫిలిప్పీన్స్ పోలీసుల చేతికి ఇవ్వలేదు. గంటల తరబడి లాగులాట. చివరికి మళ్లీ క్యాంప్ అగినాల్డోకే తీసుకెళ్లారు. జైలు ఏదో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలని అగ్రిమెంట్‌లోనే ఉంది. ఇద్దరిలో ఒకరు ఒప్పుకోకపోతే శిక్ష వేసిన జడ్జి కూడా ఏమీ చెయ్యలేరు.

ఇక శిక్ష సంగతి. పోలీసులు పెట్టింది మర్డర్ కేసు. కోర్టు దాన్ని తగ్గించి, నరహత్య కింద దోషి అంది. లౌడె ట్రాన్స్ మహిళ అని తెలిసి ఆవేశంలో ఒళ్లు తెలియకుండా పోయాడని, తాగి ఉన్నాడని, ఈ రెండింటినీ శిక్ష తగ్గించే కారణాలుగా లెక్కలోకి తీసుకుంది. ఆరు నుంచి పన్నెండేళ్లు వేసి, తర్వాత గరిష్ఠాన్ని పదేళ్లకు దించింది. ఎదుటి మనిషి ఎవరో తెలిసి కోపం వచ్చిందంటే శిక్ష తగ్గించే చట్టం నాకు అసహ్యంగా కనిపిస్తుంది. కానీ అది విదేశీయుడికి ఇచ్చిన రాయితీ కాదు. అదే లాడ్జిలో అదే పని ఒలొంగాపో కుర్రాడు చేసినా అతని లాయర్ అదే వాదన తెచ్చేవాడు, అదే తగ్గింపు అడిగేవాడు. చెడ్డ చట్టం అందరికీ ఒకేలా చెడ్డగా ఉన్నప్పుడు మార్చాల్సింది ఆ చట్టాన్ని. పరాయివాడు దొరికాడు కదా అని అతనొక్కడికి ఎక్కువ వెయ్యమనడం న్యాయం కాదు.

వదిలిపెట్టిన లెక్క దగ్గర నాకు అనుమానం మొదలవుతుంది. ఫిలిప్పీన్స్‌లో సత్ప్రవర్తనకి శిక్ష తగ్గించే చట్టం ఉంది, 2013లో దాన్ని ఇంకా ఉదారంగా మార్చారు. మామూలు ఖైదీలూ దాని మీదే బయటికొస్తారు. పెంబర్టన్‌కీ అది వర్తిస్తుందని, అన్నీ కలిపితే పదేళ్ల నెల పది రోజులు పూర్తయినట్టేనని 2020 సెప్టెంబర్ 1న ఒలొంగాపో కోర్టు తేల్చింది. లౌడె కుటుంబం అభ్యంతరం చెప్పింది. అది తేలకముందే క్షమాభిక్ష వచ్చేసింది. అతని ప్రవర్తన ఎవరూ లెక్కగట్టకపోతే తప్పు అతనిది కాదు, చెడ్డగా ప్రవర్తించినట్టు రిపోర్టు ఏదీ లేనప్పుడు మంచిగా ఉన్నట్టే అనుకోవాలి, ఇదీ డుటెర్టే వాదన.

వినడానికి బాగానే ఉంది. చట్టం అందరికీ ఒకటే అన్నప్పుడు తగ్గింపు కూడా ఒకటే కావాలి, నేను కాదనను. కానీ న్యూ బిలిబిడ్‌లో కిక్కిరిసిన బ్యారక్‌లో, ముఠాల మధ్య, తిండి క్యూలో, కొట్లాటకి దిగకుండా ఆరేళ్లు గడపడం ఒక ఎత్తు. సొంత దేశపు గార్డుల మధ్య ఒక్కడే ఉండి ఎవరితోనూ గొడవపడకపోవడం ఇంకో ఎత్తు. గొడవపడటానికి అక్కడ ఇంకో ఖైదీ ఉంటే కదా. శిక్ష ఎక్కడ అనుభవించాలన్న దాంట్లో సమానత్వం లేనప్పుడు తగ్గింపులో మాత్రం సమానత్వం అడిగారు. నాకు మింగుడుపడనిది అదీ.

ఇందులో ఇంకో విడ్డూరం. అప్పట్లో డుటెర్టే అధికార ప్రతినిధి హ్యారీ రోక్, పదవిలోకి రాకముందు లౌడె కుటుంబం తరఫు లాయర్. తన పాత క్లయింటు కేసులో దోషిని వదిలేసిన వార్తని తనే పత్రికలవాళ్లకి వివరించాల్సి వచ్చింది. కోవిడ్ వ్యాక్సిన్ అమెరికా నుంచి దొరకాలన్న ఉద్దేశం దీని వెనక ఉండొచ్చని, అది తన సొంత అభిప్రాయమని కూడా అన్నాడు. నిజమో కాదో పక్కన పెడదాం. ఒక హత్య కేసులో విడుదల గురించి ప్రభుత్వ ప్రతినిధే అలా అనుకోగలిగాడు, అది చాలు.

దీనికి ముందు డేనియల్ స్మిత్ కేసు ఉంది. 2005 నవంబర్‌లో సుబిక్‌లో జరిగిన అత్యాచారం కేసులో ఈ మెరైన్‌కి మకాటి కోర్టు 2006 డిసెంబర్‌లో 40 ఏళ్లు వేసింది. నెల తిరక్కముందే ఒక రాత్రివేళ అతన్ని మకాటి జైలు నుంచి అమెరికన్ ఎంబసీకి తరలించారు. ఆ మధ్యలో జరిగింది ఏమిటంటే, అమెరికా ఆ తర్వాతి ఏడాది జరగాల్సిన ఉమ్మడి సైనిక విన్యాసాలని రద్దు చేస్తున్నామని ప్రకటించింది. ఖైదీ ఎంబసీకి చేరాడు, విన్యాసాలు మళ్లీ మొదలయ్యాయి. ఎంబసీలో ఉంచడం ఒప్పందానికి విరుద్ధమని 2009 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అతన్ని కదిలించేలోపే, ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు నిర్దోషి అని వదిలేసింది. అంతకు కొన్ని వారాల ముందే ఫిర్యాదు చేసిన అమ్మాయి తన పాత వాంగ్మూలం మీద సందేహం వెలిబుచ్చుతూ అఫిడవిట్ ఇచ్చింది. 40 ఏళ్లు, సున్నా, ఈ రెండింటిలో ఏది న్యాయమో బయటినుంచి నేను చెప్పలేను. రెండిటి మీదా రాజకీయం నీడ పడింది, కాబట్టి రెండిట్లో దేన్నీ ఎవరూ నమ్మలేదు. నిజంగా నిర్దోషే అయితే ఆ స్మిత్‌కి కూడా ఇది అన్యాయమే.

స్థానిక కోర్టు విచారిస్తే చాలు, న్యాయం జరిగినట్టే అనుకునేవాళ్లు 1957 నాటి జపాన్ కేసు చూడాలి. సోమగహరా ఫైరింగ్ రేంజ్ దగ్గర పేద జనం ఇత్తడి తూటా గొట్టాలు ఏరుకుని తూకానికి అమ్ముకునేవాళ్లు. జనవరి 30న విలియం గిరార్డ్ అనే అమెరికన్ సైనికుడు గ్రెనేడ్ లాంచర్‌లో ఖాళీ గొట్టం పెట్టి అలా ఏరుకుంటున్న నాకా సకాయ్ అనే 46 ఏళ్ల ఆవిడ మీదికి పేల్చాడు. వీపులో తగిలి చనిపోయింది. ఆరుగురు పిల్లల తల్లి. డ్యూటీలో ఉన్నాడు కాబట్టి మేమే విచారిస్తామని అమెరికా మొదట పట్టుబట్టింది, తర్వాత తగ్గింది. కేసు అమెరికన్ సుప్రీంకోర్టు దాకా పోయింది. తన నేల మీద జరిగిన నేరాన్ని శిక్షించే హక్కు ఆ దేశానిదే, తానుగా వదులుకుంటే తప్ప, అని జూలైలో ఆ కోర్టు చెప్పింది. జపాన్ గెలిచింది. నవంబర్‌లో మయెబాషి కోర్టు మూడేళ్ల శిక్ష వేసి, వేసిన చేతితోనే సస్పెండ్ చేసింది. ఏడాది ముగిసేలోపు గిరార్డ్ ఇంటికెళ్లిపోయాడు.

దశాబ్దాల తర్వాత రహస్య పత్రాలు బయటికొచ్చాక అసలు సంగతి తెలిసింది. చిన్న సెక్షన్ కిందే కేసు పెట్టాలి, వీలైనంత తక్కువ శిక్ష పడేలా చూడాలి అన్న అవగాహన మీదే అమెరికా అతన్ని అప్పగించింది. కోర్టు హాలు, జడ్జి గౌను, పత్రికల వాళ్ల రద్దీ అన్నీ నిజమే. అంకె మాత్రం ముందే రాసుకున్నది. 1995లో ఒకినావాలో పన్నెండేళ్ల పాపని ముగ్గురు అమెరికన్ సైనికులు ఎత్తుకెళ్లి అత్యాచారం చేసినప్పుడు 85,000 మంది వీధుల్లోకి వస్తే దొరికింది ఏమిటి? హత్య, అత్యాచారం కేసుల్లో ఛార్జిషీటుకి ముందే అప్పగించమని అడిగితే ‘సానుభూతితో పరిశీలిస్తాం’ అన్న హామీ. ఒప్పందంలో అక్షరం మారలేదు.

సొంతవాళ్లే సొంతవాళ్లని విచారించుకునే పద్ధతి ఎలా ఉంటుందో మనవాళ్లకి తెలియంది కాదు. గ్రూప్ పరీక్షలకి చదివినవాళ్లకి ఇల్బర్ట్ బిల్లు, అంటే తెల్లవాళ్లని భారతీయ జడ్జీలు కూడా విచారించొచ్చన్న బిల్లు, గుర్తుండే ఉంటుంది. ఆ గొడవ ముగిసిన తీరు వల్ల, 1884 నుంచి తెల్లవాడు నిందితుడైతే జ్యూరీలో కనీసం సగం మంది తెల్లవాళ్లు ఉండాలని అడిగే హక్కు వచ్చింది. 1893 అక్టోబర్‌లో గుంతకల్లు దగ్గర ఇద్దరు ఆడవాళ్లని బ్రిటిష్ సైనికులు తరిమారు. వాళ్లకి అడ్డుగా నిలబడ్డ రైల్వే గేటు కాపలాదారు హంపన్నని కాల్చి చంపారు. గుత్తి కేశవ పిళ్ళై ఈ కేసుని పత్రికలకెక్కించి వెంటపడ్డారు. మద్రాసులో విచారణ జరిగింది, నిందితుడు నిర్దోషిగా బయటికొచ్చాడు. హంపన్నకి దక్కింది జనం చందాలేసుకుని పెట్టిన స్మారక శిల.

అది వలస రాజ్యం, ఇప్పుడు కాలం మారింది అంటారా. 1998 ఫిబ్రవరి 3న ఇటలీలోని కవలేజేలో అమెరికన్ మెరైన్ల యుద్ధ విమానం ఉండాల్సిన ఎత్తుకంటే చాలా కిందికి దిగి కేబుల్ కార్ తీగని తెంపేసింది. కారులో ఉన్న 20 మందీ చనిపోయారు. డ్యూటీలో ఉన్న సైనికుడు కాబట్టి 1951 నాటో ఒప్పందం ప్రకారం విచారణ అమెరికాది. పైలట్ నార్త్ కరోలినాలో సైన్యం సొంత విచారణ అయిన కోర్టు మార్షల్‌కి నిలబడి నిర్దోషి అయ్యాడు. తర్వాత విమానంలో తీసిన వీడియో టేపుని మాయం చేసినందుకు ఆరు నెలలు పడింది. 20 మంది పోయినందుకు ఏమీ లేదు, టేపు పోయినందుకు జైలు. ఇటలీ మండిపోయింది. న్యాయంగానే మండిపోయింది.

ఆ ఇటలీయే 2012లో మన దగ్గర ఏం చేసిందో చూడండి. ఫిబ్రవరి 15న కేరళ తీరానికి సుమారు 20 నాటికల్ మైళ్ల దూరంలో ఎన్రికా లెక్సీ అనే ట్యాంకర్ మీద కాపలాగా ఉన్న ఇద్దరు ఇటాలియన్ మెరైన్లు, సముద్రపు దొంగలనుకుని సెయింట్ ఆంటొనీ బోటు మీద కాల్పులు జరిపారు. ఇద్దరు జాలర్లు చనిపోయారు. మావాళ్లు డ్యూటీలో ఉన్నారు, మేమే విచారిస్తాం అంది ఇటలీ, కవలేజేలో తను విని మండిపడ్డ మాటే. ఆ మెరైన్లకి క్రిస్మస్‌కి ఇంటికెళ్లి రావడానికి కేరళ హైకోర్టు 6 కోట్ల గ్యారంటీ మీద అనుమతిచ్చింది. మన జైళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఇంకా శిక్షే పడని విచారణ ఖైదీలు. వాళ్లని సంక్రాంతికి ఇంటికి పంపమని అడిగే ధైర్యం ఏ లాయరుకీ ఉండదు. 2013లో ఓటు వేసొస్తామని రెండోసారి వెళ్లినప్పుడు తిరిగి పంపం అని ఇటలీ అడ్డం తిరిగితే, సుప్రీంకోర్టు ఇటలీ రాయబారిని దేశం దాటనివ్వలేదు. మరణశిక్ష పడే కేసు కాదిది అని మన విదేశాంగ మంత్రి మాటిచ్చాక పంపారు. విచారణ కూడా మొదలవకముందే శిక్ష మీద బేరం. 2020లో హేగ్‌లోని మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ మెరైన్లకి రక్షణ ఉంది, పరిహారం మాత్రం ఇవ్వాలి అంది. 2021 జూన్‌లో 10 కోట్లు, కుటుంబానికి 4 కోట్ల చొప్పున రెండిటికి 8, బోటు యజమానికి 2, జమయ్యాక సుప్రీంకోర్టు కేసు మూసేసింది. తర్వాతి జనవరిలో రోమ్‌లో జడ్జి దర్యాప్తుని కూడా మూసేశారు. రెండు ప్రాణాలు పోయిన కేసులో నేరం జరిగిందా లేదా అన్న విచారణ ఏ దేశంలోనూ, ఒక్క రోజూ జరగలేదు.

ఇక్కడిదాకా చదివి అందరూ తలూపుతారు. నేనూ ఊపేవాణ్ణే. అయితే మా పెదనాన్నగారి అబ్బాయి సైన్యంలో హవల్దార్‌గా చేసి రిటైరయ్యాడు, ఒక విడత కాంగోలో ఐక్యరాజ్య సమితి దళంలో పనిచేశాడు. “మరి అక్కడ మనవాడు ఎవడైనా తప్పు చేస్తే కాంగో కోర్టుకి ఇచ్చెయ్యాలంటావా అన్నయ్యా?” అని అడిగాను.

“నువ్వు అక్కడి జైలు చూళ్లేదురా,” అన్నాడు. “లోపలున్నోడికి తిండి ఇంటోళ్లే తెచ్చిపెట్టాలి. మనోడికి ఎవడు తెస్తాడు? భాష రాదు, లాయరు దొరకడు. వాడేమన్నా సొంతంగా టికెట్ కొనుక్కుని వెళ్లాడా? పంపింది దేశం.”

తిండి మాట దగ్గర నా దగ్గర జవాబు లేదు. సైనికుడు తను ఎక్కడ ఉండాలో ఎంచుకోడు. అక్కడి చట్టంలో మరణశిక్ష ఉండొచ్చు, పోలీసులు చిత్రహింసలు పెట్టొచ్చు, తన దేశం మీద జనానికున్న కోపమంతా తన మీద పడొచ్చు. పంపిన దేశాలు రక్షణ అడగడానికి ఇవన్నీ నిజమైన కారణాలే. 2022లో ఆస్ట్రేలియా, జపాన్ సైనిక ఒప్పందం చేసుకున్నప్పుడు మరణశిక్ష ప్రశ్నని దాచకుండా ముందే కాగితం మీద తేల్చుకున్నాయి. అలా తేల్చుకోవడంలో నాకు తప్పు కనిపించదు.

అయితే అన్నయ్యకి తెలియకుండానే మన చట్టం అతని వైపే ఉంది. 1950 ఆర్మీ యాక్ట్ సెక్షన్ 70 ప్రకారం మామూలుగా మన జవాను ఒక పౌరుణ్ణి హత్య చేసినా, అత్యాచారం చేసినా కోర్టు మార్షల్ కాదు, మామూలు కోర్టే విచారించాలి. మినహాయింపులు కొన్నే. యుద్ధ విధుల్లో ఉన్నప్పుడు, సరిహద్దు పోస్టులో ఉన్నప్పుడు, భారతదేశం బయట ఉన్నప్పుడు. అంటే అనంతపురం మనిషికి దొరికే మామూలు కోర్టు, దేశం బయట మన జవాను చేతిలో నష్టపోయిన మనిషికి దొరక్కపోవచ్చు. ఐరాస దళాలకి సైనికుల్ని పంపే దేశాల్లో మనం ముందు వరసలో ఉంటాం, ఆ దళాల ఒప్పందం నమూనాలో కూడా నేర విచారణ అధికారం పూర్తిగా పంపిన దేశానిదే. 1987 అక్టోబర్‌లో శ్రీలంకలోని జాఫ్నా ఆసుపత్రిలో మన శాంతి సేన డాక్టర్లని, నర్సులని, రోగులని కాల్చి చంపిన ఘటన యుద్ధం మధ్యలోది, బార్ బయట జరిగిన హత్య లాంటిది కాదు, ఒప్పుకుంటాను. అయినా దానికి శిక్ష పడ్డవాడి పేరు ఒక్కటీ నేనెక్కడా చదవలేదు. కేరళ జాలర్ల కోసం మనం వాడిన గొంతు జాఫ్నా దగ్గర ఎందుకు పెగలదు?

నన్నడిగితే హద్దు డ్యూటీ దగ్గరే గియ్యాలి, కానీ ఆ గీత గీసే పెన్ను సైనికుడి కమాండర్ చేతిలో ఉండకూడదు. డ్యూటీ బయట చేసిన నేరానికి ఆ నేల కోర్టే విచారించాలి. అక్కడి మనిషి అదే నేరం చేస్తే ఎంత పడుతుందో అంతే వెయ్యాలి, ఒక్క రోజు తక్కువా వద్దు, ఎక్కువా వద్దు. ఏడాది గడువులు తీసెయ్యాలి. తిండి, వైద్యం, దుబాసీ ఎవరిస్తారో ఒప్పందంలోనే రాసుకోవాలి. వేరే గది ఇవ్వండి, ప్రాణభయం ఉంటే తప్పదు, కానీ తాళం చెవి స్థానిక జైలరు దగ్గరుండాలి. డ్యూటీలో జరిగిన దానికి పంపిన దేశమే విచారించుకోవచ్చు, కానీ నేరం జరిగిన దేశంలోనే, పోయినవాళ్ల కుటుంబం ముందు బెంచీలో కూర్చుని వినేలా.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఐరాస కోసం 2005లో జోర్డాన్ రాజకుమారుడు జైద్ ఇచ్చిన నివేదిక, కోర్టు మార్షల్ నేరం జరిగిన చోటే పెట్టమంది. 2012లో హైతీలో పాకిస్తాన్ దళం వాళ్లు పద్నాలుగేళ్ల అబ్బాయి మీద అత్యాచారం చేస్తే అక్కడే కోర్టు మార్షల్ జరిపారు కూడా. పడింది ఏడాది. హైతీ జనం భగ్గుమన్నారు. అంటే చోటు ఒక్కటే సరిపోదు, కొలబద్ద కూడా అక్కడిదే కావాలి. అయినా దానికి ముందు, 2007లో, అదే హైతీ నుంచి వందమందికి పైగా శ్రీలంక సైనికుల్ని పిల్లల మీద లైంగిక దోపిడీ ఆరోపణలతో వెనక్కి పంపేశారు, ఒక్కరూ జైలుకెళ్లలేదు. దాంతో పోలిస్తే ఆ ఏడాది శిక్షని కనీసం అక్కడివాళ్లు కళ్లారా చూశారు, తిట్టుకోగలిగారు.

ఇదంతా ఎక్కడో దూరం సంగతని అనిపిస్తే ఒక మాట. టైగర్ ట్రయంఫ్ పేరుతో భారత్, అమెరికా సైన్యాల ఉమ్మడి విన్యాసాలు 2019 నుంచి విశాఖపట్నంలో, కాకినాడలో జరుగుతున్నాయి. అమెరికన్ మెరైన్లు కాకినాడ తీరంలో దిగిన ఫొటోలు అందరూ చూశారు. సాయంత్రం ఓడ దిగి ఊళ్లోకి వచ్చిన కుర్రాడు బీచ్ రోడ్డు పక్క సందులో ఎవరినైనా చంపితే త్రీటౌన్ పోలీసులు అతన్ని స్టేషన్‌లో ఉంచగలరా, లేక ఓడకి తిరిగి పంపాలా? విశాఖ ఎంపీ పార్లమెంటులో లేచి అడగాల్సిన ప్రశ్న ఇది, వచ్చే విన్యాసాలకి ముందే, జవాబు రాతపూర్వకంగా.